మూడు బోల్టులూ ఒక త్రైరాశికమూ

ఆ రోజుల్లో లెక్కకు లొంగనిది ఈ ప్రపంచంలో ఏదీ లేదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి పునాది ఏమిటో ఇప్పుడు తలుచుకుంటే నాకే అంతుపట్టదు. పదో తరగతి లెక్కల పరీక్ష రెండోసారి రాసి గట్టెక్కినవాణ్ణి. ఆ తర్వాత మాస్టారంటూ ఎవరూ లేకుండా, అట్ట ఊడిపోయిన ఒక పాత అంకగణితం పుస్తకం ముందు పెట్టుకుని, కాలమూ దూరమూ, పనీ మనుషులూ, అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంతకు ఇంతయితే అంతకు ఎంత అనే త్రైరాశికమూ నాకు నేనే నేర్చుకున్నాను. ఒంటరిగా నేర్చుకున్న విద్యతో ఒక చిక్కుంది. తప్పు చేస్తే పక్కన నవ్వేవాళ్లు ఉండరు. అందుచేత తప్పు చేశామని చాలా ఏళ్లపాటు తెలియదు. నాకు తెలియడం మొదలైన రోజు మాత్రం బాగా గుర్తుంది. శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలు. (నిమిషాలతో సహా ఎలా గుర్తుందని అడగకండి. నాకు అన్నీ అలాగే గుర్తుంటాయి.)

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. విజయనగరం వైపు మా ఊరి నుంచి, ఇనుపగనుల ఊరు కిరండూల్‌లో ఉన్న అక్కాబావల దగ్గరికి వచ్చి, ఒక కాంట్రాక్టరు కింద డంపర్ ట్రిప్పులు లెక్కపెట్టే పనిలో కుదిరాను. కొండ మీద ఇనుపరాయి నింపుకుని ఇల్లంత డంపర్ వస్తుంది, నేను ఒక గీత గీస్తాను. నాలుగు గీతలయ్యాక అయిదోది అడ్డంగా కొడతాను. ఉద్యోగం అంతే. గీతకూ గీతకూ మధ్య పెన్సిలు ఊరికే ఉండేది కాదు. డంపర్ చక్రం నా ఎత్తుకు ఎంత ఎక్కువ, ఒక్క ట్రిప్పు రాయిని మా అక్క పప్పు గరిటెతో ఎత్తిపోస్తే ఎన్నాళ్లు పడుతుంది, ఇలాంటివన్నీ వేసి కనబడ్డ ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. వాళ్లు మొదట్లో ఆశ్చర్యపోయేవారు, తర్వాత్తర్వాత నన్ను చూడగానే ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకు తిరిగేవారు. ఓపిగ్గా వినే మనిషి ఒక్కడే. డంపర్ ఇంజన్లు విప్పి బిగించే ఫిట్టరు, మా క్వార్టరుకు రెండిళ్ల అవతల ఉండేవాడు, ఉసూర్ వైపు మనిషి. పెళ్లిళ్లకు వెళ్లినా జేబులో ఒక పానా ఉంటుందని ప్రతీతి కాబట్టి అందరికీ ఆయన పానా మామ.

బావకు ఒక పాత కారుండేది. రిటైరై వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్నది. పుట్టుకతో తెలుపే గాని, కిరండూల్ ఎర్ర దుమ్మూ, ఏడాదిలో నాలుగు నెలల వానా కలిసి దాన్ని కాల్చిన ఇటుక రంగులోకి తెచ్చాయి. ఆ దుమ్మూ తడీ బానెట్ కింద కూడా కాపురం పెట్టాయి. ఇంజన్‌లోని నాలుగు గదుల్లోంచి వచ్చే పొగను ఒకచోట చేర్చి సైలెన్సర్ గొట్టంలోకి పంపే పోతఇనుము ముక్క ఒకటుంటుంది, మానిఫోల్డ్ అంటారు. దాన్ని ఇంజన్‌కు ఎనిమిది బోల్టులు పట్టుకుని ఉంటాయి. మా కారులో అవి తుప్పుపట్టి, ఒకదానికి తల ఎప్పుడో రాలిపోయి, ఆ సందులోంచి పొగ బయటికి తన్నుకొచ్చేది. బండి కదిలితే ఫట్‌ఫట్‌మని వీధి చివరి దాకా వినబడేది. సగం పొగ లోపలికే వచ్చి, పది కిలోమీటర్లు వెళ్లేసరికి అక్కకు తల తిరిగేది.

ఆ కారుతోనే అక్కకు పని పడింది. ఆదివారం ఉదయం జగదల్‌పూర్‌లో శిక్షాకర్మి పరీక్ష, అంటే బడిపంతులు ఉద్యోగానికి రాతపరీక్ష. వయసు ప్రకారం అక్కకు అదే ఆఖరి అవకాశం. ఆర్నెల్లుగా వంటింట్లో పోపు డబ్బాల పక్కన పుస్తకం నిలబెట్టుకుని చదువుతోంది. (లెక్కలు చెప్పింది నేనే. త్రైరాశికమైతే మంత్రంలా వల్లె వేయించాను.) ఆదివారం మొదటి బస్సు ఎక్కినా, రైలు ఎక్కినా, అక్కడికి చేరేసరికి పరీక్ష మొదలైపోతుంది. అందుకని శనివారం పదకొండు గంటల బస్సుకే (ఆ తర్వాత ఆ రోజుకు బస్సూ రైలూ లేవు) వెళ్లిపోయి, అక్కడ తెలిసినవాళ్లింట్లో ఉందామని సంచీ సర్దుకుంది. గుమ్మం దగ్గర అడ్డుపడింది నేను.

"ఎవరింట్లోనో ఎందుకక్కా ఇబ్బంది? రెండింటికల్లా కారు తయారు. రేపు తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే తొమ్మిదిన్నరకు నువ్వు గేటు ముందుంటావు. లెక్క వేశాను."

"నువ్వు లెక్కేసినావంటేనే భయంరా," అంది అక్క. "పోనీ, పానా మామ వచ్చి చూస్తాడా?"

"మామ డ్యూటీ దిగేసరికి రెండవుతుంది. ఈలోగా నేనే బిగించేస్తాను. పాతవి విప్పింది నేను కాదూ?"

అది నిజమే. మూడు రోజులుగా పొద్దున్నా సాయంత్రమూ ఒక్కో బోల్టుకు పన్నెండేసి చుక్కల కిరసనాయిలు, డీజిలు కలిపి పోసి, చిన్న సుత్తితో ఇరవయ్యేసి దెబ్బలు తట్టి, శుక్రవారం నాటికి ఏడు బోల్టుల్నీ విరక్కుండా బయటికి తీశాను. తల లేని ఎనిమిదోదాన్ని ఆకురాయితో రెండు పక్కలా చదును చేసి, పానాతో పట్టి తిప్పితే అదీ వచ్చేసింది. పాత బోల్టుల్ని పారేయకుండా ఒక అట్టముక్కకు ఎనిమిది బెజ్జాలు పొడిచి, నంబర్లు వేసి, ఏ చోటిది ఆ బెజ్జంలోనే గుచ్చిపెట్టాను. ఆ రాత్రే బావ ఆ అట్టను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "అచ్ఛా," అన్నాడు. (బావకు మాటలు తక్కువ. ముప్ఫై రకాల భావాల్ని ఆ ఒక్క ముక్కలోనే సర్దేస్తాడు. ఇది మెచ్చుకునే అచ్ఛా.) ఆ పనితనం తలుచుకుని అక్క మెత్తబడింది. సంచీ మంచం మీద పెట్టి వంటింట్లోకి వెళ్లింది. పదకొండు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ మా వీధి చివర నుంచి వెళ్లిపోవడం ఇద్దరం విన్నాం.

ఇక కొత్త బోల్టులు. బజార్లో ఆ సైజువి ఉన్నవే ఎనిమిది, ఎనిమిదీ తెచ్చేశాను. ఎంత బిగించాలన్నది ఒక్కటే ప్రశ్న. చేతికి తోచినంత బిగించడం నా దృష్టిలో అనాగరికం. పానా మామ దగ్గర మూరెడు పొడవున్న టార్క్ పానా ఉండేది. ఎంత బలం కావాలో దాని పిడి మీద అంకె పెట్టుకుని తిప్పితే, అంత బలం పడగానే టక్‌మంటుంది. మామ డ్యూటీలో ఉండగా వాళ్లింటికి వెళ్లి అత్తనడిగి ఆ పానా తెచ్చాను. అంకె సంగతి అంతకుముందు రోజే వర్క్‌షాపులో మామను అడిగి ఉంచాను.

"మామా, మీ డంపర్ ఇంజన్‌కి ఈ బోల్టులు ఎంత బిగిస్తారు?"

"పదహారు సైజుది గదా. ఇరవై మీద పెడ్తం," అన్నాడు మామ. ఎందుకని అడగలేదు. నేను రోజుకు పది అంకెలు అడిగేవాణ్ణి, అందులో ఇదొకటి అనుకున్నాడు.

డంపర్ బోల్టు మందం పదహారు మిల్లీమీటర్లు, దానికి ఇరవై. మా కారు బోల్టు మందం ఎనిమిది, దానికెంత? త్రైరాశికం. పదహారులో సగం ఎనిమిది, కాబట్టి ఇరవైలో సగం పది. కాగితం కూడా అక్కర్లేదు. ఎనిమిదింటినీ ముందు వేళ్లతో తిప్పి ఎక్కించి, పానా పిడి పది మీద పెట్టి, టక్‌మనే శబ్దం కోసం చెవి రిక్కించి, మధ్య బోల్టుతో మొదలుపెట్టాను.

టక్‌మనలేదు. పానా కొంచెంసేపు బరువుగా తిరిగి, తర్వాత వింతగా మెత్తబడి, ఒక్కసారిగా ఫట్‌మని ఖాళీగా గిర్రున తిరిగింది. నా మోచెయ్యి వెళ్లి బానెట్ అంచుకు కొట్టుకుంది. పానా మూతిలో బోల్టు తలకాయా, దాని కింద కాస్త మెడా మాత్రమే ఉన్నాయి. మొండెం ఇంజన్‌లో ఉంది.

"ఏటిరా ఆ చప్పుడు?" అని వంటింట్లోంచి అక్క.

"ఏంలేదక్కా. పానా టక్‌మంది. అలా అనాలి," అన్నాను.

ఒంటిగంటా పది అయింది. ఆ తలకాయను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. నిగనిగలాడే కొత్త బోల్టు. తర్వాత మెల్లగా బుర్ర పనిచేసింది. ఎనిమిదింట్లో ఒకటి చెడ్డది తగలడం పెద్ద వింతేమీ కాదు. చెడ్డది ముందే తేలిపోయింది, మిగతా ఏడూ మంచివే. ఆ ధైర్యంతో రెండోదానికి పానా తగిలించాను. అదీ అలాగే మెత్తబడి, అలాగే ఫట్‌మంది.

"మళ్లీ టక్‌మందా?"

"మళ్లీ అందక్కా."

ఈసారి కూర్చుండిపోయాను. జేబులోంచి కాగితం తీసి లెక్క మళ్లీ వేశాను. పదహారుకు ఇరవై, ఎనిమిదికి పది. అటునుంచి ఇటు సరిచూశాను. ఎనిమిదికి పది అయితే పదహారుకు ఇరవై. అదే జవాబు. జవాబు రెండుసార్లు ఒకటే వచ్చిందంటే తప్పు లెక్కది కాదు, బోల్టుది. (ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి.) కాబట్టి మూడోది బిగించాను.

మూడోది విరిగేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకు మినపపిండి, బెల్లమూ అంటుకుని ఉన్నాయి. మర్నాటి ప్రయాణానికి సున్నుండలు చుడుతోంది పాపం. మడ్‌గార్డు మీద వరసగా పెట్టిన మూడు తలకాయల వంకా, నా మొహం వంకా చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. గోడగడియారం వైపు ఒక్కసారి తిరిగి చూసి, "బస్సు వెళ్లిపోయింది కదరా," అంది, అంతే. లోపలికి వెళ్లిపోయింది. సున్నుండలు చుట్టే చప్పుడేం ఉంటుంది గనక. కానీ అక్క మళ్లీ చుట్టడం లేదని నాకు బయటికి తెలిసిపోయింది.

రెండూ ఇరవైకి బావా పానా మామా కలిసి డ్యూటీ నుంచి వచ్చారు. బావ మూడు తలకాయల్ని చూసి, "అచ్ఛా," అన్నాడు. అలాంటి అచ్ఛా నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. మామ మాత్రం తలకాయల్ని కాదు, నా చేతిలోని పానాను చూశాడు. పిడి మీద అంకె చూశాడు.

"ఏంది అల్లుడా ఇది? పది మీద పెట్టినవ్?"

"మీరే చెప్పారు కదా మామా, పదహారుకు ఇరవై అని. దీనికి సగం."

"నేను డంపర్‌కు జెప్పిన. నువ్వు దాన్ని దీనికి దింపినవ్." మామ మెట్టు మీద కూలబడ్డాడు. "ముప్ఫై ఏండ్ల సంది బోల్టులు ఇరుగుడు జూసిన. తుప్పుకు ఇరుగుతయ్, తాగి బిగిస్తే ఇరుగుతయ్. లెక్క జేసి ఇరగ్గొట్టినోణ్ణి గిప్పుడే జూస్తున్న."

నేను అప్పటికే ముందు జరగబోయేది లెక్కవేసి ఉంచాను. విరిగిన మొండేనికి నడుమ బెజ్జం తొలవాలి, ఒక్కోదానికి రెండు గంటలు, మూడింటికి ఆరు. బర్మా పుల్ల విరిగితే ఇంకో మూడు. అది మామకు చెబుదామని నోరు తెరిస్తే ఆయన చెయ్యెత్తి, "చుప్. అంకెలు బస్. ఇగ నోట్లకెల్లి ఒక్క అంకె ఎల్లినా ఇంటికి పోత," అన్నాడు. మిగిలిన అయిదూ విప్పి, మానిఫోల్డ్ లాగి పక్కన పెట్టాడు. రంధ్రాల్లో అంచుకు సమంగా మూడు మొండేలు మెరుస్తున్నాయి. మామ జేబులోంచి ఒక మేకు తీసి, దాని మొనను మొండెం అంచున ఏటవాలుగా ఆనించి, సుత్తితో ఎడమవైపుకు సుతారంగా తట్టాడు. మొండెం కదిలింది. ఇంకో నాలుగు దెబ్బలు. కొంచెం బయటికొచ్చింది. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ పెట్టి, సీసా మూత తీసినంత తేలిగ్గా తిప్పి తీసి నా చేతిలో పెట్టాడు.

ఆరు గంటలనుకున్న పని మూడింటికీ కలిపి అయిదు నిమిషాలు. బోల్టులు విరిగినప్పటికన్నా అవి అలా బయటికి వచ్చినప్పుడే నేను ఎక్కువ నివ్వెరపోయాను.

"తల ఎగిరిపోయినంక దాన్ని పట్టి గుంజేటిది ఏముంటది? కొత్త మర, తుప్పు లేదు. ఉత్తగ గూసుంటది," అన్నాడు మామ. "నీ పాతయి ఇరిగి ఉంటే ఏడ్చేటోళ్లం. అయి మంచిగ తీసినవ్, దీనికి దండం పెడ్త."

కానీ బోల్టులు ఎనిమిది కావాలి, ఉన్నవి అయిదు. బజారులో లేవు. మామ గడ్డం గోక్కున్నాడు. అయిదుతో జగదల్‌పూర్ దాకా పోతే సందు మూసే గ్యాస్కెట్ రేకు చిరిగి, దారిలో గీదం దాటకముందే మళ్లీ పొగ మొదలవుతుందన్నాడు. అప్పుడు బావ లోపలికి వెళ్లి నా అట్టముక్క తెచ్చి మామ ముందు పెట్టాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా, నంబర్ల కింద పాత బోల్టులు. మామ ఒక్కోదాన్నీ తీసి మరల మీద గోరుతో గీకి చూసి, రెండూ అయిదూ ఏడూ పక్కన పెట్టాడు. ఇనుప బ్రష్‌తో రుద్ది, నూనె పూసి, ఏ నంబరుది ఆ నంబరు చోటే ఎక్కించాడు. టార్క్ పానా ముట్టుకోనే లేదు. జానెడు పానా తీసి నా చేతికిచ్చి, "నువ్వే బిగియ్," అన్నాడు.

"నేను వద్దు మామా."

"బిగియ్, జెప్త. ఈ సైజుకు మణికట్టు. మోచెయ్యి లేవొద్దు. పన్నెండు సైజుకు మోచెయ్యి. డంపర్‌కు భుజం, ఇంక బలం సాలకుంటే నడుం. అంతే లెక్క." నా మోచేతిని తన ఎడమచేత్తో నడుముకు అదిమిపట్టాడు. ఎనిమిది బోల్టులూ అలాగే బిగించాను. ఒక్కోటి బిగుసుకున్నప్పుడల్లా ఫట్‌మంటుందేమోనని కళ్లు మూసుకునేవాణ్ణి. అయిదున్నరకు బావ తాళం తిప్పాడు. ఫట్‌ఫట్ లేదు. కారు ఇంత నెమ్మదిగా కూడా మాట్లాడుతుందా అని వీధిలో ఇద్దరు ముగ్గురు తలుపులు తీసి చూశారు. అక్క లోపల మళ్లీ సున్నుండలు చుట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. బావ బండి నడుపుతున్నాడు, అక్క ముందు సీట్లో పుస్తకంతో, నేను వెనక సీట్లో సున్నుండల డబ్బాతో. బచేలీ దాటాక ఉండబట్టలేక, "అక్కా, సగం సైజు బోల్టుకు సగం బలం. ఇందులో తప్పెక్కడుంది?" అన్నాను. అక్క వెనక్కి తిరక్కుండానే, "డబ్బాలో మీ బావకి చుట్టిన పెద్ద ఉండలున్నాయి, నాకు చుట్టుకున్న చిన్నవున్నాయి. చిన్నది పెద్దదానికి సగం ఎత్తుంటాది. ఒక పెద్దది చిదిపితే చిన్నవి ఎన్నవుతాయి?" అంది.

"రెండు."

"చిదిపి చూడు."

ఆ కుదుపుల్లో ఒళ్లో రుమాలు పరుచుకుని, పెద్ద సున్నుండ ఒకటి చిదిపి, చిన్నదాని కొలతకు చుట్టడం మొదలుపెట్టాను. రెండయ్యాయి. పిండి ఇంకా ఉంది. నాలుగయ్యాయి. ఇంకా ఉంది. ఎనిమిదోది చుట్టేసరికి గీదం వచ్చింది, పిండి అయిపోయింది. "ఎనిమిదేరా. నిన్న చుట్టింది నేను కదా," అంది అక్క. పొడవులో సగం, వెడల్పులో సగం, ఎత్తులో సగం. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక ఇంజనీరు బాబును అడిగితే, బోల్టు బిగింపు కూడా అచ్చంగా సున్నుండ లెక్కేనని చెప్పాడు. ఇరవైని ఎనిమిదితో భాగిస్తే రెండున్నర. రెండున్నర పెట్టాల్సిన చోట నేను పది పెట్టాను. (ఆ ఎనిమిది ఉండల్నీ దారిలో నేనే తినేశాను. సాక్ష్యం మిగలకూడదని.)

తొమ్మిదిన్నర కాదు, తొమ్మిదీ పదికే గేటు ముందున్నాం. అక్కకు తల తిరగలేదు. పరీక్ష అయ్యాక అక్క మొహం వేలాడేసుకుని బయటికి వచ్చింది.

"అన్నీ రాశానురా. ఒక్కటి పోయింది. ఇరవై కుండలకి నలభై గంపల మట్టి కావాలంటే పది కుండలకి ఎంత అని అడిగాడు."

"ఇరవై. నీకు నిద్రలో కూడా వచ్చు కదక్కా."

"వచ్చురా. ఇరవైలో సగం పది అని చూడగానే నీ బోల్టులు కళ్ల ముందు కదిలాయి. ఎనిమిదితో భాగించి అయిదు అని రాసేశాను."

ఆరు నెలలు వల్లె వేయించిన త్రైరాశికాన్ని ఒక్క మధ్యాహ్నంలో నేనే విరగ్గొట్టాను. బావ ఇద్దరి వంకా చూసి, "అచ్ఛా," అని మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. బావ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

రెండు నెలల తర్వాత ఎంపికైనవాళ్ల జాబితాలో అక్క పేరు వచ్చింది. ఆ ఒక్క మార్కూ పోయినా వచ్చింది. మొదట గొల్లపల్లి బడిలో వేశారు. ఎన్నో చోట్లు తిరిగి ఇప్పుడు మళ్లీ అక్కడికే చేరింది. పానా మామ లేడు, ఆ కారూ లేదు. విరిగిన మూడు తలకాయలు మాత్రం అక్క బల్ల సొరుగులో ఉన్నాయి. సగాల లెక్క చెప్పేటప్పుడు ప్రతి ఏడూ అవి బయటికి వస్తాయట. దేనిలో సగం అడుగుతున్నారో చూడకుండా జవాబు రాస్తే ఇలా అవుతుందని చెబుతుందట.

మొన్న నేను గొల్లపల్లి వెళ్లినప్పుడు, తరగతి గదిలో నల్లబల్ల కాలు ఊగుతోంది చూడరా అంది. బోల్టు వదులైంది. ఎనిమిది సైజు. సంచీలోంచి జానెడు పానా తీశాను. (అవును, నా జేబులోనూ సంచీలోనూ ఇప్పుడు ఒక్కోటి ఉంటుంది.) మోచేతిని నడుముకు అదిమిపెట్టుకుని, మణికట్టుతో తిప్పాను. ఒక చోట అది చాలన్నట్టు ఆగింది, నేనూ ఆగాను. అక్క బల్లను ఊపి చూసింది. కదల్లేదు.

"ఎంత బిగించావురా?" అంది, నవ్వాపుకుంటూ.

అలవాటు కొద్దీ అంకె కోసం వెతుక్కున్నాను. యాభై ఏళ్లకు దగ్గరపడుతున్న నా బుర్రలో ఒక్క అంకె కూడా దొరకలేదు.

"చాలినంత," అన్నాను.